జెండాలు ఒకచోట, జనం ఒకచోట: రద్దీగా ఉండే ఒక ఈత తీరం కేస్ స్టడీ

ఈ కేసును నమోదు చేయాలనుకోవడానికి కారణం ఉంది. ఆ తీరంలో నేను అడుగుపెట్టేనాటికి లైఫ్‌గార్డులు ఉన్నారు, జెండాలు ఉన్నాయి, హెచ్చరిక బోర్డులు కావలసినదానికన్నా ఎక్కువే ఉన్నాయి. అయినా మనుషులు దాదాపు ఒకే చోట, దాదాపు ఒకే వేళలో కొట్టుకుపోతూ వచ్చారు. అన్నీ ఉన్నచోట ప్రమాదం ఎందుకు ఆగడం లేదో అర్థం చేసుకోవడానికి నాకు ఒక సీజను పట్టింది, సరిదిద్దడానికి మరో రెండు పట్టాయి. తీరం పేరు, అక్కడి మనుషుల వివరాలు, గుర్తుపట్టడానికి వీలిచ్చే ఆనవాళ్లు తీసివేశాను. చనిపోయినవారి గురించి ఈ కేసుకు అవసరమైనంత మేరకే రాశాను.

నేపథ్యం

సుమారు కిలోమీటరున్నర పొడవున్న ఇసుక తీరం అది. ఒక కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతిగుట్ట ఉంది, రెండో కొసన ఒక చిన్న వాగు వచ్చి కలుస్తుంది. వాహనాలు నిలిపే స్థలం నుంచి దిగే కాలిదారి తీరం మధ్యభాగంలో ఇసుకను చేరుతుంది. ఆ దారి చివరనే నీడనిచ్చే పందిళ్లు, ఉప్పునీరు కడుక్కునే కుళాయిలు, వాటి పక్కనే కాంక్రీటుతో కట్టిన లైఫ్‌గార్డు టవరు ఉండేవి. సెలవు రోజుల్లో వచ్చేవారిలో ఎక్కువమంది బయటి ప్రాంతాలవారు. ఏడాది పొడవునా ఈదే స్థానికులు కొద్దిమందే అయినా వారు రోజూ కనిపిస్తారు, ఎక్కువగా రాతిగుట్ట వైపు దిగుతారు.

అలలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరు ఏదో ఒక దారిన మళ్లీ లోపలికి వెళ్లాలి. నీటి కింద ఇసుక మెట్టలున్న తీరంలో ఆ నీరంతా మెట్టకు గండి పడినచోటికి చేరి, అక్కడి నుంచి పాయలా వేగంగా బయటికి పారుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటున్నాం. అంతకుముందు వాడుకలో ఉన్న 'అండర్‌టో' (కిందికి లాగే ప్రవాహం), 'రిప్ టైడ్' (ఆటుపోటు ప్రవాహం) అనే మాటల బదులు ఈ పేరు వాడాలని 1936లో ఫ్రాన్సిస్ షెపర్డ్ అనే సముద్ర భూగర్భ శాస్త్రవేత్త సూచించారు. ఆ పాత మాటలు రెండూ తప్పుదోవ పట్టించేవే. ఈ పాయ మనిషిని కిందికి లాగదు, ఆటుపోట్ల వల్ల పుట్టదు. నీటి పైభాగాన ఉన్న మనిషిని ఉన్నట్టే ఒడ్డుకు దూరంగా తీసుకుపోతుంది, అంతే. కాని కిందికి లాగేస్తుందని నమ్మిన మనిషి భయంతో చేసే పనులే అతని బలాన్ని హరిస్తాయి కనుక, ఈ తేడా పేరుకు సంబంధించినది మాత్రమే కాదు.

తీరాలను వాటి అలలు, ఇసుక, వాలు ఆధారంగా 1984లో రైట్, షార్ట్ అనే పరిశోధకులు వర్గీకరించారు. దూరంలోనే అలలు విరిగిపోయే చదును తీరాలకూ, ఒడ్డుకు తగిలి అల విరిగే ఏటవాలు తీరాలకూ నడుమ ఉండే మధ్యరకం తీరాల్లో మెట్టలూ గండ్లూ ఎక్కువగా ఏర్పడతాయి. ఈ తీరం ఆ మధ్యరకానికి చెందినది. అలాంటి తీరంలో మెట్టలు స్థిరంగా ఉండవు. ఒక పెద్ద తుపాను వాటిని చెరిపివేసి, తర్వాతి వారాల్లో మరోచోట నిలబెట్టగలదు. ఈ ఒక్క విషయాన్ని అక్కడి ఏర్పాట్లలో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సమస్య

నన్ను పిలిచేనాటికి ముందటి సీజనులో ఇద్దరు చనిపోయారు. ఒకరు ఈత బాగా వచ్చిన యువకుడు. టవరుకు ఎదురుగా, నడుం లోతు నీటిలో నిలబడి ఉండగా కాళ్ల కింద ఇసుక జారిపోయి లోపలికి కొట్టుకుపోయాడు. రెండో వ్యక్తి ఒక పిల్లవాణ్ణి కాపాడడానికి దిగిన పెద్దాయన. పిల్లవాణ్ణి పక్కనే ఉన్న మెట్ట మీదికి అలలు నెట్టాయి, వాడు నిలబడి నడుచుకుంటూ ఒడ్డుకు వచ్చాడు. దిగిన పెద్దాయన తిరిగి రాలేదు. ఇలా కాపాడబోయినవారే బలి కావడం ఎంత తరచుగా జరుగుతుందంటే, 2011లో ఫ్రాంక్లిన్, పెర్న్ అనే వైద్య పరిశోధకులు దానిపై ప్రత్యేకంగా ఒక అధ్యయనమే చేశారు. ఈ సంగతి తెలిసిన నాకు కూడా, ఆ పెద్దాయన ఒడ్డున వదిలిన చెప్పుల గురించి లైఫ్‌గార్డు చెప్పినప్పుడు చాలాసేపు ఏ ప్రశ్నా అడగడానికి నోరు రాలేదు.

తీరాన్ని నిర్వహించే యంత్రాంగం నా ముందు పెట్టిన ప్రశ్న సూటిగానే ఉంది: మరో టవరు కట్టాలా, లేక ఈతనే నిషేధించాలా? రెండింటిలో దేనికీ నేను వెంటనే ఒప్పుకోలేదు. ప్రమాదం ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి జరుగుతోందో తెలియకుండా టవరు ఎక్కడ కట్టాలో చెప్పలేము. నిషేధం విషయంలో నా భయం వేరు. ఎండకాలంలో సముద్రం దాకా వచ్చిన మనిషి నీటిలో దిగకుండా వెళ్లడు. కాపలా ఉన్నచోట దిగనివ్వకపోతే కాపలా లేనిచోట దిగుతాడు.

అప్పటికే చేసిన ప్రయత్నాలు, అవి ఫలించకపోవడానికి కారణాలు

ప్రతి ప్రమాదం తర్వాతా ఒక బోర్డు చేరుతూ వచ్చింది. కాలిదారి పొడవునా వరుసగా నిలబడిన ఆ బోర్డుల దగ్గర నేను నాలుగు రోజులు కూర్చుని గమనించాను. వచ్చేవారి చేతుల్లో సామాను, చంకలో పిల్లలు, చూపు సముద్రం మీద. ఆగి చదివినవారు అరుదు. ఇది ఈ తీరానికే పరిమితమైన సంగతి కాదు. 2014లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలోనూ, తీరానికి వచ్చినవారిలో ఏదో ఒక బోర్డును గమనించినవారు సగం కంటే తక్కువే.

రెండో ప్రయత్నం ఎర్రజెండా. ఇద్దరు చనిపోయిన తర్వాత లైఫ్‌గార్డులు దాదాపు ప్రతిరోజూ ఎర్రజెండా ఎగురవేయడం మొదలుపెట్టారు. వారి ఆందోళనను నేను తప్పుపట్టను. అయితే సముద్రం ప్రశాంతంగా ఉన్న రోజున ఎర్రజెండా కింద వంద మంది హాయిగా స్నానం చేసి వెళితే, నిజంగా ప్రమాదకరమైన రోజున అదే జెండాకు విలువ ఉండదు. జెండాల రంగు, ఆకారం, అర్థాలకు ఐఎస్ఓ 20712 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జంట జెండాల నడుమ లైఫ్‌గార్డుల కాపలా ఉంటుంది. పసుపు జెండా ఒక మోస్తరు ప్రమాదాన్ని, ఎర్రజెండా తీవ్ర ప్రమాదాన్ని తెలుపుతాయి. కొన్ని దేశాల్లో రెండు ఎర్రజెండాలు కలిసి ఎగిరితే నీటిలోకి ప్రవేశం లేదు. ఇన్ని మెట్లున్న భాషను ఆ తీరంలో ఒకే మాటకు కుదించేశారు.

మూడోది విజిల్. రోజంతా మోగే విజిల్ ఎవరి కోసమో ఎవరికీ తెలియదు. పైగా లైఫ్‌గార్డు ఒకవైపు వారిస్తున్నంతసేపు మరోవైపు నీటిని చూడలేడు. ప్రమాదాన్ని గుర్తించకపోవడం, చూపును వేరే పనులు మళ్లించడం, కాపలా మధ్యలో ఇతర బాధ్యతలు చొరబడడం, ఈ మూడింటి వల్లే కాపలా ఉన్నచోట కూడా మనుషులు మునిగిపోతారని న్యూయార్క్‌లో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా చెప్పారు. ఈ తీరంలో మూడూ ఒకేసారి ఉన్నాయి.

ఎక్కడ, ఎప్పుడు అన్న ప్రశ్న

లాగ్‌బుక్‌లో ఎంతమందిని బయటికి తీశారో ఉంది కాని ఎక్కడ నుంచి తీశారో లేదు. అందుకని మొదటగా తీరం పొడవునా వంద మీటర్లకు ఒకటి చొప్పున అంకెలు వేసిన కొయ్యలు నాటించాను. ప్రతి ఘటనకూ కొయ్య అంకె, సమయం, ఆటుపోటు స్థితి, ఆ మనిషి ఏ దారిన నీటిలో దిగాడన్న నాలుగు వివరాలు రాయమన్నాను. చివరి వివరం కోసం లైఫ్‌గార్డులు కాస్త విసుక్కున్నారు. బయటికి తీసినవారిని, దగ్గుతూ వణుకుతూ ఉన్నప్పుడు, ఎక్కడ దిగావని అడగడం వారికి కష్టంగానే ఉండేది. అయినా ఈ కేసుకు తాళంచెవి ఆ వివరమే అయింది.

ఆరు వారాల తర్వాత లాగ్‌బుక్‌ను తీరం పటంతో కలిపి చూస్తే రెండు విషయాలు తేలాయి. ఘటనల్లో అధికభాగం కాలిదారికి ఎదురుగా, అంటే టవరు ముందే, ఆటు బాగా తీసిన వేళకు కొంచెం అటూ ఇటూగా జరుగుతున్నాయి. నీరు తగ్గినప్పుడు మెట్టలు పైకి తేలుతాయి, తిరిగివెళ్లే నీటికి గండి ఒక్కటే దారి అవుతుంది, పాయ వేగం పెరుగుతుంది. ఆ వేగం సాధారణంగా సెకనుకు అర మీటరు దాకా ఉన్నా కొన్నిసార్లు 2 మీటర్లు దాటుతుంది. 100 మీటర్లను 47 సెకన్లలో ఈదే మేటి క్రీడాకారుడి వేగం కూడా దాదాపు అంతే కాబట్టి, ఆ పాయకు ఎదురీదమని ఎవరికీ చెప్పలేము.

ఆ గండి టవరు ముందే ఎందుకు ఉందన్నది నన్ను కలవరపెట్టిన ప్రశ్న. టవరు కట్టిన నాటి ఫొటోలు చూస్తే అప్పుడు అక్కడ మంచి మెట్ట ఉంది. తర్వాతి సంవత్సరాల్లో మెట్ట జరిగింది, టవరు జరగలేదు. టవరు ఎదురుగా జెండాలు నాటడం అలవాటుగా మారినందువల్ల, కాపలా ఉన్న ప్రాంతంగా మేము చూపిస్తున్న చోటు నడుమ నుంచే పాయ పారుతోంది. జెండాల మధ్యనే ఈదండి అన్న సలహాను బుద్ధిగా పాటించినవారిని మేమే ఆ గండిలోకి పంపుతున్నామన్నమాట.

పైగా గండిలో అల విరగదు. తెల్లటి నురగ లేకుండా, ముదురు రంగులో, నిలకడగా కనిపించే ఆ నీటిని చూసి, పిల్లలతో వచ్చిన కుటుంబాలు అదే సురక్షితమని ఎంచుకునేవి. నేను కాలిదారి మొదట్లో నిలబడి, ఆ ఉదయం తీసిన ఫొటో చూపించి, మీరైతే ఎక్కడ దిగుతారని కొన్ని కుటుంబాలను అడిగాను. ఎక్కువమంది వేలు గండి మీదే పెట్టారు. వారి తర్కంలో లోపం లేదు. అల తక్కువ ఉన్నచోట ప్రమాదం తక్కువ అనుకోవడం సహజమే, సముద్రం మాత్రం ఈ ఒక్కచోట దాన్ని తలకిందులు చేస్తుంది.

లాగ్‌బుక్ చూపిన రెండో విషయం స్థానికులకు సంబంధించినది. రాతిగుట్ట దగ్గర చిక్కుకున్నవారిని ఎందుకు అంతదూరం వెళ్లారని అడిగితే, అక్కడ మనుషులు ఈదుతుంటే చూసి వెళ్లామన్నారు. రాతిని ఆనుకుని ఎప్పుడూ ఒక పాయ ఉంటుంది. స్థానిక ఈతగాళ్లు దాన్ని ఎరిగినవారు, లోపలికి చేరుకోవడానికి దాన్నే వాడుకుంటారు, అలలు విరిగే మరో వరుస మీదుగా తిరిగివస్తారు. బయటివారికి కనిపించేది మాత్రం ఒక పెద్దావిడ తాపీగా ఈదుకుంటూ పోవడమే. కొత్తచోట మనిషి బోర్డును నమ్మడు, తోటి మనిషిని చూసి నడుచుకుంటాడు.

నేను వేసిన తప్పటడుగులు

జెండాలను గండి నుంచి తప్పించి, మెట్ట ఉన్నచోటికి మార్చడమే మొదటి నిర్ణయం. అది మూడు వందల మీటర్ల దూరంలో ఉంది. మార్చాము, లైఫ్‌గార్డులూ అక్కడికే వెళ్లారు, జనం మాత్రం పాతచోటే దిగారు. దానితో కాపలా ఒకచోట, ఈత ఒకచోట అయిపోయి పరిస్థితి మునుపటికన్నా అధ్వాన్నమైంది. రెండు రోజుల్లోనే నేను ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నాను. జెండా మారిస్తే మనిషి మారతాడన్న నా ఊహకు ఆధారం లేదని అప్పుడు గ్రహించాను.

రెండో తప్పు మరింత సూక్ష్మమైనది. పాయలో చిక్కుకుంటే ఒడ్డుకు సమాంతరంగా ఈదాలన్నది మేమంతా ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన సలహా. నేనూ ఆ సీజను మొదట్లో మైకులో అదే చెప్పించాను. ఒక మధ్యాహ్నం మంచి ఈతగాడొకడు ఆ సలహాను అక్షరాలా పాటించి, తీరం వెంబడి పారే ప్రవాహానికి ఎదురుగా ఈది, పూర్తిగా అలసిపోయిన స్థితిలో మాకు దొరికాడు. ఎటువైపు సమాంతరంగా అన్నది మేము చెప్పలేదు, నీటిలో ఉన్నవాడికి తెలిసే వీలు లేదు. జేమీ మెక్‌మహన్ బృందం 2010లో ప్రచురించిన పరిశీలనలను నేను అప్పుడు మళ్లీ చదివాను. జీపీఎస్ అమర్చిన తేలియాడే పరికరాలను పాయల్లో వదిలితే, వాటిలో ఎక్కువభాగం సముద్రంలోకి పోకుండా కొద్ది నిమిషాల్లో సుడి తిరిగినట్టు మళ్లీ మెట్టల మీదికి చేరాయి. అయితే అన్నీ చేరలేదు, ప్రతి తీరంలోనూ అలా జరుగుతుందనీ చెప్పలేము. అందుకని ఏ ఒక్క దిశనూ సలహాగా ఇవ్వడం మానేశాము. వెల్లకిలా తేలు, ఊపిరిని కుదుటపరచుకో, చెయ్యెత్తు, నీరు ఎటు తీసుకెళుతోందో చూసిన తర్వాతే ఈదు అని చెప్పడం మొదలుపెట్టాము. భయపడిన మనిషికి గుర్తుండేది మొదటి మాట మాత్రమే కనుక, ఆ మొదటి మాట 'తేలు' అయ్యేలా చూశాము.

ఫలించినవి

ఒక సాయంత్రం లైఫ్‌గార్డుల్లో వయసులో చిన్నవాడు అన్న మాట ఈ కేసును మలుపు తిప్పింది. "సార్, వాళ్లు దారి చివరన దిగడం లేదు, నీడకు ఎదురుగా దిగుతున్నారు" అన్నాడు. మరునాడు అదే కళ్లతో చూశాను. కుటుంబం ముందు నీడ వెతుక్కుంటుంది, అక్కడ సామాను పెడుతుంది, సామాను కనిపించేటంత దూరంలోనే, అంటే సరిగ్గా ఎదురుగా, నీటిలో దిగుతుంది. ఎక్కడ ఈదాలన్న నిర్ణయం నీటి అంచున జరగడం లేదు, పందిరి కింద కూర్చున్నప్పుడే జరిగిపోతోంది.

కాబట్టి పందిళ్లను జరిపాము. మెట్ట మళ్లీ జరుగుతుందని తెలుసు కనుక, శాశ్వతంగా కట్టకుండా ఊడదీసి మరోచోట నిలబెట్టగలిగే గుంజలతో వేయించాను. కుళాయిలకు పొడవాటి గొట్టం వేసి కొత్తచోటికి తీసుకెళ్లాము. కాలిదారి చివర తాళ్లు కట్టి, నడక సహజంగా మెట్టవైపు తిరిగేలా చేశాము. పాత టవరును కూల్చమని నేను చెప్పలేదు. ఎత్తు నుంచి తీరమంతా కనిపిస్తుంది కాబట్టి దాన్ని దూరపు చూపుకు ఉంచి, జెండాల దగ్గరికి చక్రాల మీద కదిలే చిన్న టవరు తెప్పించాము. ఈసారి ఒక్క విజిల్ కూడా అవసరం లేకుండా జనంలో ఎక్కువభాగం జెండాల నడుమకు చేరింది. ఎవరినీ వారించనక్కరలేదు కాబట్టి లైఫ్‌గార్డుల చూపు నీటి మీద నిలిచింది.

ఇక్కడా ఒక దిద్దుబాటు అవసరమైంది. మొదటి వారం, ఆటుపోటుతో పాయ కాస్త కదిలినప్పుడల్లా జెండాలు జరిపాము. నీటిలో ఉన్నవారు తాము ఇప్పుడు లోపల ఉన్నారో బయట ఉన్నారో తెలియక తికమకపడ్డారు, పిల్లలు పెద్దల నుంచి విడిపోయారు. తర్వాత ఉదయం ఒకసారి, ఆటు తీసే ముందు ఒకసారి మాత్రమే జరపాలని, జరిపే ముందు అందరినీ ఒడ్డుకు పిలవాలని నియమం పెట్టుకున్నాము. జనం ఒకేచోట గుమికూడినప్పుడు సర్ఫ్‌బోర్డులు పిల్లలకు తగిలే ప్రమాదం పెరిగింది. అందుకు నలుపు తెలుపు గళ్ల జెండాలతో బోర్డులవారికి వేరే చోటు కేటాయించాము.

స్థానికుల విషయం ఇంతకన్నా కష్టమైనది. జెండాల మధ్యకు రమ్మని చెప్పినప్పుడు వారు నొచ్చుకున్నారు. ఆ నీటిలో పుట్టి పెరిగినవారికి బయటివాడు ఈత చోటు చూపించడమంటే అవమానమే. వారి అనుభవం నిజమైనదని నాకు తెలుసు. నేను తెలుసుకోవలసింది ఆ అనుభవం ఈనాటి సముద్రానికి వర్తిస్తుందా లేదా అన్నది. వాదించడం మానేసి, అవసరమైన అనుమతులు తీసుకుని, ఒక తెల్లవారుజామున జనం రాకముందే వారినందరినీ పిలిచాను. ప్రవాహాల జాడ తెలుసుకోవడానికి వాడే ఫ్లోరెసీన్ అనే ఆకుపచ్చ రంగును నీటి అంచున వదిలే ముందు, పాయ ఎక్కడుందో చూపించమని వారినే అడిగాను. రాతిగుట్ట పాయను అందరూ సరిగ్గా చూపించారు. మధ్య తీరంలో మాత్రం అందరూ పాత గండి ఉండిన చోటునే చూపించారు. రంగు ఒడ్డు వెంబడి పాకి, వారు చూపినచోటు దాటి, ఎవరూ ఊహించనిచోట మలుపు తిరిగి, నిమిషాల్లో అలల వరుస అవతలికి పచ్చటి తాడులా సాగింది. వారిలో పెద్దాయన చాలాసేపు దానివంకే చూసి, "ఇది మారిపోయింది బాబూ, మేము చూసుకోలేదు" అన్నారు.

ఆ తర్వాత నేను అడిగినది ఒక్కటే. రోజూ ఉదయం లైఫ్‌గార్డులతో కలిసి నీటిని చదవడానికి వారిలో ఇద్దరు రావాలని కోరాను. పదిమంది వచ్చారు. జెండాలు ఎక్కడ నాటాలన్న నిర్ణయంలో పాలుపంచుకున్నవారు ఆ జెండాలను దాటడం తగ్గించారు. రాతిగుట్ట వైపు ఈదడం మానమని నేను చెప్పలేదు, చెప్పినా మానరు. పర్యాటకుల రద్దీ ఉండే వేళల్లో మాత్రం అటు దిగకుండా ఉంటామని వారంతట వారే అన్నారు, ఎందుకంటే తమను చూసే ఇతరులు అటు వస్తున్నారని లాగ్‌బుక్‌లో వారికి చూపించాను. ఆ ఒక్క పేజీ చేసినంత పని నా ఉపన్యాసాలేవీ చేయలేదు.

స్థానికులకు ఇచ్చిన శిక్షణలో రెండింటిపై ఎక్కువ సమయం పెట్టాము. ఒకటి, మునుగుతున్న మనిషిని గుర్తుపట్టడం. మునిగేవాడు కేకలు వేస్తాడని, చేతులు ఊపుతాడని అందరూ అనుకుంటారు. పియా తన పరిశీలనల్లో చూపినట్టు, నిజంగా మునుగుతున్న మనిషి పిలవలేడు. ఊపిరి తీసుకోవడానికే నోరు చాలదు. చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటాడు, తల వెనక్కి వాలుతుంది, నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ ఆడుతుంది. అలాంటి పెనుగులాట 20 నుంచి 60 సెకన్లు మాత్రమే ఉండవచ్చు. చెయ్యెత్తి పిలవగలిగినవాడికి ఇంకా కొంత వ్యవధి ఉందని అర్థం. రెండో సీజనులో, జెండాల నడుమ, తల్లికి నాలుగడుగుల దూరంలో ఒక పాప ఇలా నిశ్శబ్దంగా నిలువునా మునిగి తేలుతుంటే మొదట చూసినది లైఫ్‌గార్డు కాదు, మా శిక్షణకు వచ్చిన ఒక స్థానిక మహిళ. పాప ఆడుకుంటోందని పక్కనున్నవారంతా అనుకున్నారు.

రెండోది, ఉత్త చేతులతో దిగకపోవడం. డేవిడ్ స్పిల్‌మన్ తదితరులు 2014లో ప్రతిపాదించిన మునక గొలుసులో ఐదు లంకెలున్నాయి: మునగకుండా నివారించడం, ఆపదను గుర్తించడం, తేలే సాధనం అందించడం, నీటి నుంచి తీయడం, చికిత్స చేయడం. మనిషిని బయటికి తీయడం కన్నా తేలే సాధనం ముందు ఉండడానికి కారణం ఉంది. తేలగలిగిన మనిషికి సహాయం వచ్చేదాకా వ్యవధి దొరుకుతుంది, కాపాడేవాడి ప్రాణానికీ రక్ష ఉంటుంది. అంకెల కొయ్యల్లో ఒకటి విడిచి ఒకదానికి తేలే ట్యూబులు, తాళ్లు కట్టించాము. మొదటి నెలలో రెండు మాయమయ్యాయి. తాళం వేద్దామన్న సూచనను నేను ఒప్పుకోలేదు. ఆ పెద్దాయన దిగిన చోట ఒక్క ట్యూబు అందుబాటులో ఉండి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలలేదు. పోతే మళ్లీ కట్టండి అన్నాను.

చికిత్స గురించి ఒక్కమాట. నీట మునిగిన మనిషికి కొరవడేది ప్రాణవాయువు కాబట్టి, ఛాతీ నొక్కడంతో సరిపెట్టకుండా ముందు ఊపిరి ఊదాలి. యూరప్ పునరుజ్జీవన మండలి సూచనల ప్రకారం మొదట ఐదు శ్వాసలు ఇచ్చి తర్వాత ఛాతీ నొక్కుతారు. ఈ తీరంలో కొందరు ఛాతీ నొక్కడమే నేర్చుకుని ఉన్నారు, వారికి మళ్లీ నేర్పించాము.

లైఫ్‌గార్డుల పనివేళల్లో చేసిన మార్పు చిన్నదే కాని ముఖ్యమైనది. నార్మన్ మాక్‌వర్త్ 1948లో ప్రచురించిన ప్రయోగాల్లో, మార్పులేని దృశ్యాన్ని కనిపెట్టి చూసే మనిషి చురుకుదనం మొదటి అరగంటలోనే తగ్గుతుందని తేలింది. ఎండలో రెండు గంటలు ఒకే కుర్చీలో కూర్చోబెట్టి ఎంత మందలించినా ఫలితం ఉండదు. అరగంటకోసారి చోటు మార్చుకునేలా వంతులు వేశాము.

ఫలితాలు, మిగిలిపోయిన ప్రశ్న

తర్వాతి రెండు సీజన్లలో జెండాల నడుమ ఎవరూ చనిపోలేదు. దీన్ని నేను విజయానికి రుజువుగా చూపడం లేదు. మరణం అరుదైన సంఘటన, రెండు సీజన్లు మంచిగా గడవడానికి అలలు శాంతంగా ఉండడం కూడా కారణం కావచ్చు. అందుకే నేను యంత్రాంగానికి వేరే కొలతలు సూచించాను: నీటిలో ఉన్నవారిలో జెండాల నడుమ ఎందరున్నారు, లైఫ్‌గార్డు నీటిలో దూకాల్సి వచ్చిన ఘటనలతో పోలిస్తే ముందే మాటతో ఆపిన ఘటనలెన్ని, తేలే ట్యూబులు ఎన్నిసార్లు వాడారు. ఈ మూడూ ప్రతిరోజూ లెక్కకు అందుతాయి, మెట్ట జరిగిన వారంలోనే తేడా చూపిస్తాయి. పందిళ్లను ఇప్పటికి మూడుసార్లు జరిపారు, మూడోసారి నాతో సంప్రదించకుండానే జరిపారు.

అయితే రెండో సీజను చివర్లో రాతిగుట్ట దగ్గర ఒక మరణం జరిగింది. పొద్దుగూకాక, లైఫ్‌గార్డులు వెళ్లిపోయిన గంట తర్వాత. లాగ్‌బుక్‌లో సాయంత్రపు ఘటనలు పెరుగుతున్నట్టు అంతకుముందే కనిపించింది, కాపలా వేళను ఒక గంట పొడిగించాము కూడా. జనం ఇంకో గంట ఆలస్యంగా ఉండడం మొదలుపెట్టారు. కాపలా ముగియగానే కాలిదారి మూసివేయాలని కొందరు, దీపాలు వేసి చీకటి పడేదాకా కాపలా కాయాలని కొందరు అంటున్నారు. దారి మూస్తే రాళ్ల మీదుగా దిగుతారని నా అనుమానం. దీపాలు వేస్తే రాత్రి ఈతకు పిలిచినట్టవుతుందేమోనన్న భయమూ ఉంది. ప్రస్తుతానికి జెండాలు దించే వేళకు స్థానిక ఈతగాళ్లు ఇద్దరు చొప్పున రాతిగుట్ట మొదట్లో నిలబడి, అటు వచ్చేవారితో మాట్లాడి వెనక్కి పంపుతున్నారు. ఆ ఇద్దరి చేతుల్లో ట్యూబులున్నాయి, మెడలో విజిల్ లేదు. ఎన్నాళ్లు ఇలా నిలబడగలరో, ఎప్పుడు వారికి వేతనంతో కూడిన బాధ్యతగా ఇది మారాలో వచ్చే సీజనుకు ముందే తేల్చాలని యంత్రాంగాన్ని కోరాను.